టార్కు కన్వర్టరు: దాని మర్మం, మరమ్మతు

చెరువులకు ఓరుగల్లు సీమ పెట్టినది పేరు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువులు కొన్ని. బయటివారికి పేరైనా తెలియని ఊరి చెరువులు, కుంటలు వేలు. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ అనే పేరుతో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టినప్పుడు, ఎండాకాలంలో నీరింకిన చెరువుల అడుగున పసుపుపచ్చని యంత్రాలు బారులు తీరి పూడిక తీసినవి. ఏ కంపెనీ తయారుచేసినా సరే, జనం వాటినన్నిటినీ జేసీబీలనే అంటారు.

ఆ యంత్రం పని చేస్తుండగా కొంచెంసేపు నిలబడి చూచినవారికి ఒక వింత కనపడుతుంది. ముందున్న తొట్టిని మట్టిదిబ్బలోకి గుచ్చి నడిపేవాడు యంత్రాన్ని ముందుకు తోస్తాడు. దిబ్బ కదలదు. చక్రాలు పూర్తిగా ఆగిపోతాయి. కాని ఇంజను ఆగదు. గొంతు మారి గట్టిగా మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది. కొన్ని క్షణాలకు మట్టి సడలుతుంది, యంత్రం ముందుకు సాగుతుంది. ఇదే పని ఒక మోటారు సైకిలుతో చేసి చూడండి. ముందు చక్రాన్ని గోడకు ఆనించి, మొదటి గేరు వేసి, క్లచ్చి వదలినారంటే ఒక్క కుదుపుతో ఇంజను చచ్చిపోతుంది. రెండూ ఇంజన్లే. ఒకటి ఆగుతుంది, రెండవది ఎందుకు ఆగదు?

ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ దాగి ఉన్న ఒక లోహపు డొల్ల దీనికి కారణం. చూడడానికి బొద్దు గుమ్మడికాయను పోలి ఉంటుంది. ఇంజను తిరిగినప్పుడల్లా తానూ తిరుగుతుంది. లోపల నిండా నూనె. దీనినే టార్కు కన్వర్టరు అంటారు. టార్కు అంటే వస్తువును తిప్పే బలం. పాఠ్యపుస్తకాలలో బలభ్రామకం అన్నది ఇదే. ఆటోమేటిక్ గేర్లు ఉన్న అనేక కార్లలోను, పూడిక తీసే యంత్రాలలోను, బొగ్గు గనుల డంపర్లలోను ఇది ఉంటుంది. చిన్నవాటిని చాలావరకు రెండు భాగాలుగా చేసి, అంచున వెల్డింగుతో శాశ్వతంగా మూసివేస్తారు. చిక్కు అంతా ఇక్కడే ఉన్నది. చెడిపోయిన డొల్ల, మంచి డొల్ల బయటికి ఒక్క తీరుగానే కనపడతాయి. లోపల ఏమి జరిగినదో తెరవకముందే ఊహించగలిగినవాడే దీనిని బాగుచేయగలడు.

రెండు పంకాలు, ఒక గడ్డపార

రెండు బల్ల పంకాలను ఎదురెదురుగా, దగ్గరగా పెట్టి ఒకదానికి మాత్రమే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండవ పంకా కూడా మెల్లగా తిరుగుతుంది. రెండవ పంకా రెక్కలను చేతి కర్రతో ఆపినా మొదటిది ఆగదు. కన్వర్టరులోనూ ఇట్టి పంకాలు రెండున్నవి, గాలికి బదులు నూనె ఉన్నది. ఇంజనుతో కలసి తిరిగే రెక్కల చక్రం పంపు. గేరుబాక్సును తిప్పే రెక్కల చక్రం టర్బైను. రెండింటికీ నడుమ లోహబంధం ఏదీ లేదు. కనుకనే చక్రాలు ఆగినా ఇంజను ఆగదు.

కాని ఇంతవరకే అయితే అది ఉత్త ద్రవ సంధానం. ఇంజను ఎంత బలభ్రామకం ఇస్తే అంతే అవతలికి చేరుతుంది, చిటికెడు కూడా పెరగదు. దిబ్బను తోయడానికి అది చాలదు. ఇక్కడ మూడవ చక్రం వస్తుంది. పంపు నూనెను టర్బైను మీదికి విసురుతుంది. టర్బైను దానిని వంచి వెనుకకు పంపుతుంది. ఆ తిరిగివచ్చే నూనె పంపు తిరిగే దిశకు ఎదురుగా వస్తుంది, పంపునకు అడ్డం పడుతుంది. నడుమ వంపు తిరిగిన రెక్కలు గల ఒక చిన్న చక్రాన్ని కదలకుండా నిలిపితే, అది ఆ నూనెను మళ్ళీ పంపునకు అనుకూలమైన దిశలోకి తిప్పుతుంది. ఈ నిలకడ చక్రం పేరు స్టేటరు.

బలం ఎక్కడినుండి పెరిగినది అని విద్యార్థి తప్పక అడుగుతాడు, అడగవలెను కూడా. పెద్ద బండరాతిని గడ్డపారతో లేపేటప్పుడు పార కింద ఒక చిన్న రాయి పెడతాము గదా! ఆ ఆధారం నేలకు ఆనుకొని ఉన్నందువల్లనే చేతిబలం రెట్టింపు, మూడింతలు అవుతుంది. కన్వర్టరులో ఆ ఆధారపు రాయి స్టేటరే. నూనెను తిప్పేటప్పుడు దానిమీద పడే ప్రతిచర్య గేరుబాక్సు పెట్టెకు, అక్కడినుండి బండి చట్రానికి చేరుతుంది. పంపు ఇచ్చిన బలభ్రామకానికి స్టేటరు ఇచ్చినది కూడితే టర్బైను పొందినది వస్తుంది. లెక్క అంతే. చక్రాలు నిలిచి ఉన్నప్పుడు ఇది కార్లలో సుమారు రెండింతలు, మట్టి యంత్రాలలో ఇంకా ఎక్కువ, కొన్నిటిలో మూడింతల వరకు ఉంటుంది. శక్తి మాత్రం ఎక్కడా పుట్టదు. గడ్డపారతో రాయి కొంచెమే లేచినట్లు, ఇక్కడ టర్బైను వేగం తగ్గి బలం పెరుగుతుంది.

బండి వేగం అందుకొన్న కొద్దీ టర్బైను పంపు వేగానికి చేరువ అవుతుంది. అప్పుడు నూనె వచ్చే కోణం మారి, స్టేటరు రెక్కల వెనుకవైపున తగులుతుంది. ఇంతవరకూ సాయపడిన స్టేటరే ఇప్పుడు అడ్డం. దానికి విరుగుడు ప్రతి పిల్లవానికీ తెలిసినదే: సైకిలు వెనుక చక్రంలోని ఫ్రీవీలు. పెడలు ముందుకు తొక్కితే పట్టుకొంటుంది, తొక్కడం మానితే వదిలివేస్తుంది. స్టేటరు నడుమ ఇట్టిదే ఒక ఏకదిశా క్లచ్చి ఉంటుంది. ఒక దిశలో నూనె తోసినప్పుడు బిగుసుకొని ఆధారమవుతుంది. రెండవ దిశలో తోసినప్పుడు తానూ నూనెతోబాటు తిరిగిపోతుంది.

ద్రవం ద్వారా బలాన్ని మార్చే ఈ ఉపాయానికి 1905లో పేటెంటు పొందినవాడు హెర్మన్ ఫోటింగర్ అనే జర్మను ఇంజనీరు. ఆయనకు కారు సంగతి పట్టలేదు. ఓడలలో ఆవిరి టర్బైను చాలా వేగంగా తిరుగుతుంది, నీటిలోని ప్రొపెల్లరు మెల్లగా తిరగవలెను. ఆ రెంటినీ కలపడం ఆయన సమస్య. తరువాత జర్మనీలో స్టేటరుకు ఫ్రీవీలు అమర్చిన రకం రూపొందినది. అమెరికాలో 1948లో బ్యూక్ కంపెనీ డైనాఫ్లో పేరుతో దీనిని సామాన్య కార్లలో పెట్టినది.

డొల్ల తెరవకుండా లోపలి సంగతి

“అన్నా, బండి లోడ్ గుంజుతలేదు” అంటూ డ్రైవరు షెడ్డుకు వస్తాడు. వినడానికి చిన్న ఫిర్యాదు. దీనికి కారణం ఇంజనులో ఉండవచ్చు, కన్వర్టరులో ఉండవచ్చు, గేరుబాక్సు క్లచ్చి ప్లేట్లలో ఉండవచ్చు, నూనె పంపులో ఉండవచ్చు. పొరపాటున ఇంజను విప్పితే వారం రోజుల పని, బోలెడు ఖర్చు. గంటల లెక్కన అద్దెకు తిరిగే యంత్రం అన్నాళ్ళు నిలిచిపోతుంది; కొన్న అప్పు కిస్తీ మాత్రం నిలవదు. తీరా ఇంజను బిగించిన తరువాత కూడా బండి గుంజకపోతే మెకానిక్కు మాట పోతుంది. ఊళ్ళలో చాలా తగవులు ఇక్కడే పుడతాయి.

ఈ నాలుగింటిలో దోషి ఎవరో తేల్చే పరీక్ష ఒకటున్నది. దీనిని స్టాల్ టెస్టు అంటారు. నూనెను పనిచేసే వేడికి తెచ్చి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, బ్రేకు గట్టిగా పట్టి, ముందూ వెనుకా ఎవరూ లేకుండా చూచి, తయారీవారి పుస్తకంలో చెప్పిన గేరు వేసి, ఇంజనును పూర్తిగా రేజు చేయవలెను. చక్రాలు కదలవు, టర్బైను కదలదు, పంపు మాత్రం తిరుగుతుంది. అప్పుడు ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు అందుకోగలిగినదో చూచి వెంటనే వదిలివేయవలెను. ఇక్కడ దొరికేది ఒక్క అంకె. ఆ అంకె వెనుక ఎంత భౌతికశాస్త్రం ఉన్నదో చాలామంది గమనించరు.

ఒక యంత్రానికి ఈ అంకె 2000 ఉండవలెనని పుస్తకంలో ఉన్నదనుకొందాం. పరీక్షలో 2400 వచ్చినది. అంటే ఇంజనుకు తగినంత ఎదురు లేదు. టర్బైను నిజంగా నిలువలేదు. గేరుబాక్సులో క్లచ్చి ప్లేట్లు జారుతున్నవి, లేదా నూనె తక్కువై కన్వర్టరు నిండలేదు. 1850 వచ్చినదనుకొందాం. ఇంజను కొంచెం డీలాపడినది. గాలి వడపోత, డీజిలు వడపోత, ఇంజెక్టర్లు చూచుకోవలెను. 1350 వచ్చినదనుకొందాం. అనుభవం లేనివాడు ఇంజను పూర్తిగా పాడైనదని తీర్మానిస్తాడు. ఇక్కడే ఆగి ఆలోచించవలెను.

పంపు చక్రాన్ని తిప్పడానికి కావలసిన బలభ్రామకం దాని వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. వేగం రెట్టింపైతే నాలుగింతలు కావలెను. ఆ లెక్కన 2000 నుండి 1350కి, అంటే 0.675 వంతుకు వేగం పడవలెనంటే ఇంజను బలం 0.675 యొక్క వర్గానికి, సుమారు 0.46 వంతుకు పడిపోవలెను. సగానికంటే తక్కువ! అంతగా చితికిన ఇంజను పొగ కక్కుతూ, తడబడుతూ, ఖాళీగా తిరిగేటప్పుడే తన రోగం చెప్పుకొంటుంది. ఇంజను శుభ్రంగా తిరుగుతూ, పరీక్షలో మాత్రమే ఇంత కిందికి పడినదంటే దోషం మరొకచోట ఉన్నది. స్టేటరు ఫ్రీవీలు జారుతున్నది. ఆధారపు రాయి బురదలో కూరుకుపోయినది. స్టేటరు నిలువలేదు కనుక టర్బైను నుండి వచ్చిన నూనె తిన్నగా పంపునకు ఎదురు తగిలి ఇంజనును అణచివేస్తున్నది. అట్టి బండి బయలుదేరడానికి ఆపసోపాలు పడుతుంది, రోడ్డుమీద వేగం అందుకొన్న తరువాత మామూలుగా పోతుంది.

దీనికి సరిగ్గా తలకిందులైన జబ్బు ఇంకొకటున్నది. ఫ్రీవీలు బిగుసుకొనిపోయి ఏ దిశలోనూ తిరగదు. అప్పుడు స్టాల్ టెస్టులో అంకె సరిగ్గా వస్తుంది. బండి చక్కగా బయలుదేరుతుంది. కాని వేగం అందుకోదు, నూనె విపరీతంగా వేడెక్కుతుంది. పరీక్ష నెగ్గినది గదా అని కన్వర్టరును నిర్దోషిగా వదలిపెట్టేవారు ఇక్కడ మోసపోతారు. డ్రైవరును “బరువు మీద మొరాయిస్తున్నదా, పరుగు మీద మొరాయిస్తున్నదా?” అని అడిగితే చాలు, సగం నిదానం అక్కడే అయిపోతుంది.

ఈ పరీక్ష కొద్ది సెకన్లకు మించరాదని పుస్తకాలన్నీ హెచ్చరిస్తాయి. ఎందుకో లెక్క వేద్దాం. చక్రాలు కదలనప్పుడు బయట జరిగిన పని సున్న. ఇంజను ఇచ్చిన శక్తి అంతా నూనెను వేడిచేయడానికే పోతుంది. ఇంజను అప్పుడు 50 కిలోవాట్లు ఇస్తున్నదనుకొంటే, అది స్నానాల గదిలో వాడే రెండు కిలోవాట్ల గీజర్లు 25 కలిపినంత. వ్యవస్థలో 12 లీటర్ల నూనె, అంటే సుమారు 10 కిలోలు ఉన్నదనుకొందాం. కిలో నూనె వేడి ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 2 కిలోజౌళ్ళు కావలెను. మొత్తం నూనెకు 20 కిలోజౌళ్ళు. 50ని 20తో భాగిస్తే సెకనుకు రెండున్నర డిగ్రీలు. అరనిమిషం పట్టి ఉంచితే 75 డిగ్రీలు. అప్పటికే 80 డిగ్రీల వద్ద ఉన్న నూనె 155కి చేరుతుంది. డొల్ల లోపల ఆ క్షణంలో చిక్కుకొన్న కొద్దిపాటి నూనె ఇంతకంటే త్వరగా కాగుతుంది. రబ్బరు సీళ్ళు గట్టిపడి పగుళ్ళిస్తాయి, నూనె నల్లబడి మాడు వాసన వేస్తుంది. చెరువు మట్టిలో ఎంతసేపైనా తోస్తూ ఉండే అలవాటు యంత్రాన్ని ఎందుకు తింటుందో ఈ లెక్కే చెపుతుంది. అట్లాగే, పరీక్ష ముగిసిన తరువాత గేరు తీసి, ఇంజనును కొంతసేపు ఖాళీగా తిప్పి, నూనెను శీతలకం గుండా పోనిచ్చి చల్లార్చవలెను.

కోసి తెరవడం

కన్వర్టరే దోషి అని తేలిన తరువాత గేరుబాక్సును వెనుకకు లాగి దానిని బయటికి తీస్తారు. మొదట చూడవలసినది నూనె. తెల్లని గుడ్డమీద నాలుగు చుక్కలు వేసి వెలుగులో పరీక్షిస్తే చాలా తెలుస్తుంది. పచ్చగా మెరిసే పొడి కనపడితే కంచు బుష్షులు అరిగినవి. తెల్లని మెత్తని పొడి అల్యూమినియం, తరచు స్టేటరునుండి వస్తుంది. అయస్కాంతానికి అంటుకొనేది ఉక్కు, బేరింగులను అనుమానించవలెను. నల్లని బూడిద వంటిది క్లచ్చి పూత.

ఈ పొడిని నూనె పోసి కడిగి పంపవచ్చు గదా అనిపిస్తుంది. పోదు. డొల్ల తిరిగినంతకాలం అపకేంద్ర బలం బరువైన రేణువులను బయటి అంచుకు నొక్కివేసి, రెక్కల మూలల్లో పేరుస్తుంది. అందువల్ల గేరుబాక్సు కాలిపోయినప్పుడు దానిని బాగుచేసి, పాత కన్వర్టరును తెరవకుండానే మళ్ళీ బిగిస్తే, ఆ పొడి కొత్త క్లచ్చిలను, కవాటాలను కొద్ది నెలల్లోనే తినివేస్తుంది.

తెరవడానికి లేతు మిషను కావలెను. కోయకముందే రెండు సగాల మీదా కలసివచ్చేట్లు ఒక గుర్తు పెట్టుకోవలెను. లేకపోతే తిరిగి అతికేటప్పుడు తూకం తప్పుతుంది. డొల్లను లేతుకు బిగించి, తిరుగుడులో వంకర లేకుండా డయల్ గేజితో సరిచూచి, అంచునున్న వెల్డింగును మాత్రమే పలుచపలుచగా కోయవలెను. ఉలి లోతుగా పోతే డొల్ల గోడ పలుచబడుతుంది. ఇక్కడ తొందరపడి గ్రైండరుతో కోసేవారున్నారు. ఒక్కొక్కప్పుడు పని జరిగిపోతుంది కూడా. కాని గ్రైండరు కోతలో అంచు సమంగా రాదు, అంచు సమం కాని సగాలను మళ్ళీ ఒకే అక్షం మీద నిలపడం దాదాపు అసాధ్యం.

తెరచిన తరువాత చేతివేళ్ళ పని. స్టేటరు నడుమ వేలు దూర్చి లోపలి వలయాన్ని తిప్పి చూడవలెను. ఒక వైపు సాఫీగా తిరగవలెను, రెండవ వైపు టక్కున ఆగవలెను. కొద్దిగా జారి ఆగినా పనికిరాదు. చేతి బలానికి జారినది ఇంజను బలానికి నిలుస్తుందా? రెక్కలు డొల్లకు అతికి ఉన్నవో లేవో ఒక్కొక్కటే కదిలించి చూడవలెను. టర్బైను నడుమ గేరుబాక్సు ఇరుసు దూరే పళ్ళ గాడులు అరిగినవా, ఒత్తిడి బేరింగుల మీద గుంటలు పడినవా అని చూడవలెను. మెడ సంగతి వేరు. గేరుబాక్సు సీలు ఆనుకొని తిరిగే ఆ గొట్టం మీద గోటితో గీస్తే గోరు తట్టే గాడి ఉన్నదంటే, ఎన్ని కొత్త సీళ్ళు వేసినా నూనె కారుతూనే ఉంటుంది. ఆ మెడను మార్చవలసిందే.

కొత్త కార్ల కన్వర్టర్లలో మరొక భాగం ఉంటుంది. బండి స్థిరమైన వేగంతో పోతున్నప్పుడు కూడా పంపు, టర్బైనుల మధ్య కొంత జారుడు మిగులుతుంది. దానివల్ల ఇంధనం వృథా. దీనిని అరికట్టడానికి తగిన వేగం వద్ద రెండింటినీ ఘర్షణ పూత గల ఒక పళ్ళెంతో కలిపివేస్తారు. దీనిని లాకప్ క్లచ్చి అంటారు. పూత అరిగితే పాతది గీకి, కొత్త వలయాన్ని జిగురుతో, వేడి, ఒత్తిడి పెట్టి అతుకుతారు. వేడి చాలకపోయినా, పళ్ళెం మీద నూనె తడి మిగిలినా కొత్త పూత ఊడివచ్చి గేరుబాక్సులో పడుతుంది.

అరిగినవి మార్చి, సగాలను గుర్తుకు గుర్తు కలిపి మళ్ళీ వెల్డు చేయడం అన్నిటికంటె నేర్పుగల పని. లోపలి చక్రాలకు అటూ ఇటూ జరగడానికి వెంట్రుకవాసి సందు ఉండవలెను. వెల్డింగు చల్లారేటప్పుడు లోహం ముడుచుకొని ఆ సందును తగ్గిస్తుంది. ఎంత తగ్గుతుందో ముందే ఊహించి అంత ఎక్కువ వదలవలెను. ఇది ఏ పుస్తకమూ పూర్తిగా చెప్పలేదు. ఆ మిషను, ఆ టార్చి, ఆ చేయి కలసి నేర్పవలసినదే. లోపల నూనె, కడిగిన ద్రావకం చుక్క మిగలకుండా ఆరబెట్టిన తరువాతనే టార్చి ముట్టించవలెను. మూసిన డొల్లలో ఆవిరికి నిప్పంటుకొంటే అది బాంబే.

తరువాత పంక్చరు షాపు పద్ధతి. డొల్లలోకి గాలి ఎక్కించి నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నవేమో చూస్తారు. ఈ అతుకు మీద పడే ఒత్తిడి తక్కువేమీ కాదు. 30 సెంటీమీటర్ల వ్యాసం గల కన్వర్టరు నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, నూనె తన తిరుగుడు వల్లనే అంచు మీద సుమారు నాలుగు వాతావరణాల పీడనం కలిగిస్తుంది. కారు టైరులోని గాలికి ఇది దాదాపు రెట్టింపు.

తూకం కూడా ఇట్లాంటిదే. అంచున, 15 సెంటీమీటర్ల దూరంలో, ఒకవైపు పది గ్రాముల వెల్డింగు ముద్ద ఎక్కువ ఉన్నదనుకొందాం. అదే వేగంలో అది ఇరుసును దాదాపు ఏడు కిలోల బరువంత బలంతో లాగుతుంది. ఆ లాగుడు సెకనుకు ముప్పయిసార్లకు పైగా దిక్కు మారుస్తుంది. బేరింగు ఎన్నాళ్ళు నిలుస్తుంది? కనుక తూకపు మిషను మీద తిప్పి, తేలికవైపు చిన్న రేకుముక్కను అతికి సరిచేస్తారు.

ఒకే అచ్చు, వేరే గుణం

మరమ్మతు కుదరక మరొక కన్వర్టరు తెచ్చి వేసేటప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. బోల్టులు సరిపోయినవి, మెడ సరిపోయినది, కనుక ఇదే అదే అనుకొంటారు. పంపు పీల్చుకొనే బలభ్రామకం దాని వ్యాసపు అయిదవ ఘాతం మీద ఆధారపడి ఉంటుంది. 11 అంగుళాల చక్రానికి బదులు 12 అంగుళాలది పడితే, అదే వేగంలో ఒకటిన్నర రెట్లు బలం కావలసివస్తుంది. ఇంజను బరువెక్కి మూలుగుతుంది. వ్యాసం ఒకటే అయినా రెక్కల కోణం మారితే ఇట్లే. అందువల్ల డొల్ల మీద కొట్టిన నంబరు చూడకుండా కొనరాదు. వేసిన ప్రతి కన్వర్టరు నంబరును, దాని స్టాల్ అంకెను ఒక నోటుపుస్తకంలో రాసుకొనే మెకానిక్కులకు ఈ బాధ తక్కువ.

పెద్ద యంత్రాలలో కోతపని అంతగా ఉండదు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులలో తిరిగే 35, 60, 100 టన్నుల తరగతి డంపర్ల వంటివాటిలో కన్వర్టరు సగాలను సాధారణంగా బోల్టులతో బిగిస్తారు. విప్పి లోపలి భాగాలు మార్చవచ్చు. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండిన భూపాలపల్లి గనులకు కూడా కాకతీయ ఖని అనే పేరు పెట్టడం ఒక చక్కని సంగతి. వందటన్నుల బరువుతో గని అడుగునుండి ఎగువకు ఎక్కే డంపరుకు బయలుదేరే క్షణంలో కావలసిన బలం ఈ నూనె సుడినుండే వస్తుంది. ఇంకా పెద్ద డంపర్లలో మాత్రం ఇంజను విద్యుత్తును పుట్టిస్తే, మోటార్లు చక్రాలను తిప్పుతాయి.

కాజీపేట డీజిలు షెడ్డులో ఎంతోకాలం నిర్వహించిన పెద్ద రైలింజన్లు కూడా ఆ రెండవ కోవలోనివే; వాటిలో టార్కు కన్వర్టరు ఉండదు. అయితే రైళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. భారతీయ ఇంజనీరు ఎం. ఎం. సూరి చిన్న డీజిలు రైలింజన్ల కోసం రూపొందించిన ఏర్పాటులో, తక్కువ వేగంలో కన్వర్టరు లాగుతుంది. వేగం అందుకొన్న తరువాత లోహపు క్లచ్చి నేరుగా కలుపుతుంది. సూరి ట్రాన్స్‌మిషన్ అని దీనికి ఆయన పేరే నిలిచినది. 1962లో ఆయనకు భట్నాగర్ పురస్కారం లభించినది.

ఏ చదువు కావలెను?

ఈ పని నేర్చుకోదలచిన పిల్లవానికి పదవ తరగతి పాఠాలే పునాది. బలభ్రామకం, న్యూటను మూడవ నియమం, విశిష్టోష్ణం, పీడనం, వర్గాలు, ఘాతాలు: పైన వచ్చిన లెక్కలలో అంతకు మించినది దాదాపు ఏదీ లేదు. ఆ తరువాత పారిశ్రామిక శిక్షణ సంస్థలలో డీజిలు మెకానిక్కు చదువు ఒక ఏడాది, మోటారు వాహనాల మెకానిక్కు చదువు రెండేళ్ళు. లేతు, వెల్డింగు వేరే శాఖలు. కన్వర్టరు ఒక్కటే ఈ మూడు శాఖల పనినీ ఒకే మనిషినుండి, లేదా పొత్తు కుదిరిన ముగ్గురినుండి కోరుతుంది. అందుకే అన్ని ఊళ్ళలో ఇది జరగదు.

వరంగల్‌లో ఇందుకు అనుకూలాలు దగ్గరదగ్గరగానే ఉన్నవి. దేశంలోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలలో మొదటిదానికి 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినది ఇక్కడే. 2002లో అది జాతీయ సాంకేతిక సంస్థ అయినది. రెక్కల కోణాలను, ద్రవ వేగాలను త్రిభుజాలుగా గీచి లెక్కకట్టే విద్య అక్కడ ఉన్నది. అదే నూనె చేతులకు అంటుకొనే విద్య ఆటోనగర్ షెడ్లలో ఉన్నది. లెక్క తెలిసినవానికి ఫ్రీవీలు జారడం కాగితం మీద తెలుస్తుంది. షెడ్డులో ఉన్నవానికి వేలితో తెలుస్తుంది. వీరిద్దరూ ఒకరి మాట ఒకరు వినే అవకాశాలు తక్కువ. కోసిన పాత కన్వర్టరు ఒకటి తెచ్చి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో పెడితే, ఉపాధ్యాయునికి నాలుగు అధ్యాయాలకు సరిపడే ఉపకరణం అవుతుంది.

బ్యాటరీ బండ్లు పెరిగితే ఈ పని ఏమవుతుందన్న ప్రశ్న సబబైనదే. విద్యుత్ మోటారు నిలిచి ఉన్నప్పటినుండే పూర్తి బలం ఇస్తుంది కనుక దానికి కన్వర్టరుతో అవసరం లేదు. కాని ఈనాడు చెరువులలో, గనులలో పనిచేస్తున్న డీజిలు యంత్రాలు ఒక్కరోజులో మాయం కావు. వాటికి వయసు పెరిగిన కొద్దీ మరమ్మతు ఎక్కువవుతుందే గాని తగ్గదు.

ఇక బాగుచేసిన కన్వర్టరును తిరిగి అమర్చేటప్పుడు అనుభవజ్ఞులు కూడా తడబడే చోటు ఒకటున్నది. దాని మెడకున్న రెండు కొమ్ములు గేరుబాక్సు ముందున్న నూనె పంపు గాడులలో పూర్తిగా కూర్చోవలెను. మెల్లగా తిప్పుతూ లోపలికి నొక్కితే టక్కు టక్కుమని మెట్లు మెట్లుగా దిగుతుంది. చివరి మెట్టు దిగకముందే గేరుబాక్సును ఇంజనుకు ఆనించి బోల్టులు బిగిస్తే, ఆ బిగింపు బలమంతా పంపు మీద పడి అది పగులుతుంది. ఇంజను స్టార్టు చేసిన నిమిషానికే బండి కదలదు. అంతవరకు పడిన శ్రమ వృథా. దీనికి విరుగుడు సులువు. గేరుబాక్సు ఇంజనుకు పూర్తిగా ఆనిన తరువాత కూడా కన్వర్టరుకూ ఇంజను పళ్ళానికీ నడుమ కొద్దిపాటి సందు మిగలవలెను. చేతితో తిప్పితే కన్వర్టరు స్వేచ్ఛగా తిరగవలెను. అట్లు తిరిగితేనే దానిని ముందుకు లాగి బోల్టులు వేస్తారు. తరువాత కొత్త నూనె పోసి, ఇంజనును ఖాళీగా తిప్పి, నూనె మట్టం మళ్ళీ చూచి, తగ్గినది పోసి, వేడెక్కిన తరువాత స్టాల్ టెస్టు మరొకసారి చేస్తారు. అప్పుడు వచ్చిన అంకెను నోటుపుస్తకంలో, మొదట వచ్చిన అంకె పక్కనే రాస్తారు.